థాంక్స్‌గివింగ్ విందుకు ఏం వండాలి? ఒకే ఓవెన్ ఉన్న తెలుగింటికి పోలికలు, కొలతలు, ఎంపికలు

అమెరికాలో థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం వస్తుంది. పిల్లలకు బళ్లో విన్న టర్కీ, మ్యాష్డ్ పొటాటో, పై (pie) కావాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు అన్నం, పెరుగు లేనిదే భోంచేసినట్టుండదు. వచ్చే స్నేహితుల్లో కొందరు శాకాహారులు, ఒకరిద్దరు గుడ్డు కూడా ముట్టరు. అందరినీ మెప్పించాలని చాలా ఇళ్లలో అమెరికన్ భోజనం ఒకటి, తెలుగు భోజనం ఒకటి, రెండూ పూర్తిగా వండేస్తారు. అన్నీ ఒకే ఓవెన్ కోసం పోటీపడతాయి, ఒకటి ఉడికేలోపు ఇంకొకటి చల్లారుతుంది, వండినవాళ్లు అందరి భోజనాలూ అయ్యాక కూర్చుంటారు.

మా సలహా ఏమిటంటే, ఒకే భోజనం అనుకుని మెనూ వేయండి. ఓవెన్‌లో ఏది పడుతుందో, స్టవ్ మీద ఏది పడుతుందో, బుధవారమే ఏది అయిపోతుందో ముందు తేల్చండి. రుచుల సంగతి ఆ తర్వాత. ఇక్కడి లెక్కలన్నీ 12 మందికి: ఎనిమిది మంది పెద్దలు, నలుగురు పిల్లలు, వీళ్లలో నలుగురు శాకాహారులు. ఒక ఓవెన్, నాలుగు బర్నర్లు, ఒక ఇన్‌స్టంట్ పాట్, ఒక రైస్ కుక్కర్. భోజనం సాయంత్రం 4 గంటలకు. ఓవెన్ వేడి ఎక్కడ చెప్పినా ఫారెన్‌హీట్ డిగ్రీల్లోనే.

ముందు గురువారం సంగతి

ఈ పండగ ఎప్పుడూ గురువారమే. సాయిబాబాకు మొక్కుకుని గురువారం నీచు తినని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అయ్యప్ప మాల వేసుకునే మండల దీక్ష కూడా నవంబరు మధ్యలోనే మొదలవుతుంది. కొన్నేళ్లు కార్తీకమాసం కూడా కలుస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చినందువల్ల నవంబరు 26 నాటికి ఇంకా కార్తీకమే నడుస్తుంది. అందుకని సరుకుల జాబితా రాసేముందు వచ్చేవాళ్లందరికీ ఒక మెసేజ్ పెట్టి కనుక్కోండి: గురువారం ఎవరు నీచు తినరు, ఎవరు గుడ్డు తినరు, ఎవరికి ఉల్లి వెల్లుల్లి కూడా పనికిరావు.

పన్నెండు మందిలో నీచు తినేవాళ్లు నలుగురైదుగురే మిగిలితే గురువారం పూర్తి శాకాహారం పెట్టి, టర్కీని శనివారానికి జరపడం మేలు. శుక్రవారం కూడా సెలవిచ్చే ఆఫీసులు చాలా ఉన్నాయి, బళ్లకు ఎలాగూ సెలవే. కొద్దిమంది కోసం గురువారం మూడు గంటలు ఓవెన్‌ను టర్కీకి అప్పగించనక్కర్లేదు.

మధ్యలో ఏముండాలి?

విందు కష్టసుఖాలన్నీ ఈ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడి ఉంటాయి.

మొత్తం టర్కీ. మనిషికి పౌండు నుంచి పౌండున్నర లెక్కన ఎనిమిది మందికి 10 నుంచి 12 పౌండ్ల పక్షి చాలు. నలుగురు పిల్లలూ ఎముక పట్టుకుని తింటారన్న ఆశతో 18 పౌండ్లది కొనకండి. 325 డిగ్రీల్లో 12 పౌండ్ల టర్కీకి దాదాపు మూడు గంటలు, 18 పౌండ్లకు నాలుగుంపావు పడుతుంది. ఆ సేపంతా ఓవెన్ దానిదే. అసలు చిక్కు ఇంకొకటుంది. రొమ్ము మాంసంలో కొవ్వు తక్కువ, లోపల 165 డిగ్రీలు దాటిన కొద్దీ పీచులా ఎండిపోతుంది. కాళ్లలో కండరాల పొరలు మెత్తబడి ఎముక నుంచి ఊడాలంటే 175 దాటాలి. ఒకే పక్షిలో రెండు భాగాలకు రెండు వేళలు. టర్కీ చప్పగా, పొడిపొడిగా ఉంటుందని మనవాళ్లు అనడానికి సగం కారణం ఇదే, మిగతా సగం ముందుగా ఉప్పు పట్టించకపోవడం.

ఎముకతో ఉన్న టర్కీ బ్రెస్ట్. 6 పౌండ్లది 325లో రెండు గంటల నుంచి రెండుంపావులో అయిపోతుంది. ఒకే రకం మాంసం కాబట్టి ఎప్పుడు తీయాలో అన్న సందిగ్ధం లేదు. పెద్ద పక్షిని బల్ల మీద పెట్టిన ఆ దృశ్యం ఉండదు నిజమే, కానీ కోసి పళ్లెంలో పేర్చాక తేడా ఎవరికీ తెలియదు. మొదటిసారి చేసేవాళ్లకు మా ఓటు దీనికే.

రెండు కోళ్లు. నాలుగేసి పౌండ్లవి రెండు, 425లో గంటా పావు. టర్కీ రుచే నచ్చని ఇంటికి ఇది చక్కటి దారి. పిల్లలకు నాలుగు కాళ్లు దొరుకుతాయి.

నూనెలో వేయించిన టర్కీ. రుచిగానే ఉంటుంది. కానీ ఆరుబయట, గోడలకు దూరంగా, పూర్తిగా మంచు వదిలిన పక్షితోనే చేయాలి. లోపల మంచు మిగిలితే అది ఒక్కసారిగా ఆవిరై నూనె పొంగి మంటలు లేస్తాయి. ఇంటినిండా పిల్లలున్న రోజు ఇది వద్దు.

చికెన్ దమ్ బిర్యానీ. టర్కీ వద్దనుకున్న ఇళ్లలో ముందు గుర్తొచ్చేది ఇదే. అలవాటైన చెయ్యి, అందరికీ ఇష్టం. చిక్కల్లా పరిమాణంతో వస్తుంది. రెండు పౌండ్ల బాస్మతి, నాలుగు పౌండ్ల చికెన్ ఇంట్లో ఉండే గిన్నెలో దమ్ వేస్తే అడుగు మాడి, పైన బియ్యం పలుకుగా మిగులుతుంది. అందుకే అల్యూమినియం ట్రేలలో పేర్చి ఓవెన్‌లో పెడతారు. అలా చేసేటప్పుడు పచ్చి మాంసంతో కచ్చి పద్ధతి వద్దు. కచ్చిలో అడుగు నుంచి వచ్చే గట్టి మంటే మాంసాన్ని ఉడికిస్తుంది. ఓవెన్‌లో వేడి చుట్టూ ఉంటుంది కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసం వేడెక్కేలోపే అన్నం మెత్తబడిపోతుంది. చికెన్‌ను ముప్పావు వంతు ఉడికించుకుని, అరగంట నానిన బియ్యాన్ని మరిగే ఉప్పునీళ్లలో ఐదారు నిమిషాలు ఉంచి వార్చి, పొరలుగా వేసి, రెండు వరసల ఫాయిల్ బిగించి 350లో 35 నిమిషాలు పెట్టండి. సగం సైజు లోతైన ట్రేలు రెండు తీసుకుంటే ఒకటి చికెన్‌కు, ఒకటి పనసకాయకు సరిపోతుంది.

మటన్ కూర, బగారా అన్నం. టర్కీ కూడా పెట్టే ఇంటికి బిర్యానీ కంటే ఇదే మంచి జోడీ అని మా గట్టి నమ్మకం. బగారా అన్నంలో మాంసం ఉండదు, అందరూ తింటారు. నీచు తినేవాళ్లు మటన్‌తో, తిననివాళ్లు గుత్తి వంకాయతో. ఒకే అన్నంతో రెండు పక్షాలకూ సరిపోతుంది, ఓవెన్ జోలికే పోదు. మటన్ బుధవారం వండితే గురువారానికి ఉప్పు కారం లోపలికి దిగి ఇంకా బాగుంటుంది. ఎముకతో ఉన్న మేక మాంసం మూడు పౌండ్లు, ఇన్‌స్టంట్ పాట్‌లో 30 నిమిషాలు ప్రెషర్, ఆ పైన ఆవిరి దానంతటది దిగేదాకా ఆగాలి. గోంగూర వేసేటట్టయితే విడిగా మగ్గించి, ముక్క మెత్తబడ్డాకే కలపండి. పులుపు ముందే పడితే ముక్క త్వరగా ఉడకదు.

తేల్చి చెప్పాలంటే: పిల్లలకు టర్కీ చూడాలని ఉంటే టర్కీ బ్రెస్ట్, మటన్ కూర, బగారా అన్నం. టర్కీ ఎవరికీ అక్కర్లేకపోతే రెండు ట్రేల బిర్యానీ. టర్కీ, బిర్యానీ, మటన్ మూడూ మాత్రం పెట్టకండి. మూడింటికీ బలమైన రుచులు, మూడూ సగం సగం మిగులుతాయి.

టర్కీ బ్రెస్ట్ చేసే తీరు

కొనేటప్పుడు ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు చదవండి. కొంత శాతం ఉప్పునీటి ద్రావణం కలిపినట్టు రాసి ఉంటే దానికి ఉప్పు ఇప్పటికే పట్టించారన్నమాట. మళ్లీ ఉప్పు రాస్తే నోట పెట్టలేం. కోషర్ టర్కీకి, అంటే యూదుల ఆచారం ప్రకారం కోసినదానికి కూడా ముందే ఉప్పు పడుతుంది. హలాల్ కావాలంటే రెండు వారాల ముందే కొట్లో చెప్పి ఉంచాలి.

గడ్డకట్టిన మాంసం ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి నాలుగైదు పౌండ్లకు ఒక రోజు. 6 పౌండ్ల బ్రెస్ట్‌ను సోమవారం పొద్దున్న, 12 పౌండ్ల పక్షిని శనివారం రాత్రికల్లా ఫ్రిజ్‌లోకి దించండి. అందులోనే ఉప్పు పట్టడానికి ఒక రోజు కలిసి ఉంది. మరిచిపోతే కవరుతోనే చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మారుస్తూ, పౌండుకు అరగంట చొప్పున ఉంచాలి. అలా కరిగించింది వెంటనే వండేయాలి. వంటింటి గట్టు మీద రాత్రంతా వదిలేయడం, గోరువెచ్చని నీళ్లలో పెట్టడం రెండూ ప్రమాదమే. పైభాగం చెడే వేడికి వచ్చేసినా నడుమ ఇంకా మంచుగడ్డే ఉంటుంది. సింక్‌లో కడగడం కూడా వద్దు, ఆ నీళ్లు చింది పక్కన తరిగి పెట్టిన కొత్తిమీర మీద పడతాయి. పేపర్ టవల్‌తో అద్దితే చాలు.

ముందుగా ఉప్పు పట్టించని బ్రెస్ట్ అయితే బుధవారం పొద్దున్న పౌండుకు అర టీస్పూన్ కోషర్ ఉప్పు చొప్పున చర్మం కిందా, పైనా రాసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. మామూలు సన్న ఉప్పయితే అందులో సగం. ఉప్పుకు ముందు నీరూరి, ఆ నీరు ఉప్పుతో కలిసి మళ్లీ లోపలికి ఇంకుతుంది. పైన చర్మం ఆరి, ఓవెన్‌లో కరకరలాడుతుంది.

మసాలా పెట్టాలా, వద్దా? పెట్టండి, కానీ చర్మం కింద. పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం కలిపి తందూరీలా పైన పూస్తే పెరుగులోని నీటికి చర్మం మెత్తబడుతుంది, వెల్లుల్లి రెండు గంటల వేడికి మాడి చేదెక్కుతుంది. దానికి బదులు ఆరు టేబుల్‌స్పూన్ల మెత్తటి వెన్నలో ఒక టేబుల్‌స్పూన్ అల్లం వెల్లుల్లి, ఒక టీస్పూన్ కారం, ఒక టీస్పూన్ ధనియాల పొడి, అర టీస్పూన్ మిరియాల పొడి, సన్నగా తరిగిన కరివేపాకు ఒక రెమ్మ కలపండి. వేళ్లతో చర్మాన్ని చిరగకుండా వదులు చేసి ఈ వెన్నంతా లోపలికి తోయండి. పైన ఉత్త నూనె రాస్తే చాలు. ట్రే అడుగున ఒక కప్పు నీళ్లు పోస్తే కారే రసం మాడదు.

ఒకే ఒక్క వస్తువు కొత్తగా కొనాలంటే థర్మామీటర్ కొనండి. ఎముకకు తగలకుండా అన్నిటికన్నా మందంగా ఉన్న చోట గుచ్చితే 165 చూపాలి. కొన్ని పక్షులకు గుచ్చి వచ్చే ప్లాస్టిక్ టైమర్ పైకి లేచేదాకా ఆగితే తరచుగా ఆలస్యమే అవుతుంది. గంటన్నర దగ్గర మొదటిసారి చూడండి. పైభాగం ఎర్రబడిపోయి లోపల ఇంకా 140 దగ్గరుంటే ఫాయిల్ కప్పండి. తీశాక అరగంటైనా కదపకుండా ఉంచి, రొమ్మును ఎముక నుంచి మొత్తంగా ఊడదీసి, పీచుకు అడ్డంగా కోయండి. వేడివేడిగా కోస్తే రసమంతా చెక్క మీదకి పోతుంది.

శాకాహారులకు పక్క కూరలతో సరిపెట్టొద్దు

నలుగురు శాకాహారులకు మ్యాష్డ్ పొటాటో, బీన్స్ పెట్టి పండగ అనిపించడం సరికాదు. వాళ్లకూ బల్ల మధ్యలో ఒక వంటకం ఉండాలి. మూడు దారులున్నాయి.

గుత్తి వంకాయ బుధవారమే వండొచ్చు, నిలవ ఉంటే ఇంకా రుచి, బగారా అన్నానికి అచ్చమైన జత. చిన్న వంకాయలు ఇండియన్ స్టోర్‌లో రెండు పౌండ్లు తీసుకోండి. ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లుంటే పల్లీ, నువ్వులు, ఎండుకొబ్బరి, చింతపండుతోనే కూరండి, లోటేమీ తెలియదు. గురువారం వేడి చేసేటప్పుడు గరిటె పెట్టి కలపకుండా గిన్నె పట్టుకుని తిప్పితే కాయలు విడవవు.

కాలీఫ్లవర్‌ను మొత్తంగా కాల్చి బల్ల మధ్య పెడితే కోసి వడ్డించే ఆ సరదా శాకాహారులకూ దక్కుతుంది. రెండు పౌండ్ల పువ్వును ముందు ఉప్పునీళ్లలో ఎనిమిది నిమిషాలు ఉడికించి, బాగా వార్చి, గట్టి పెరుగు, శనగపిండి, కారం పూసి 425లో 35 నుంచి 40 నిమిషాలు. ఉడికించకుండా నేరుగా పెడితే పైన మాడి కాడ దగ్గర పచ్చిగా ఉంటుంది. దీనికి ఓవెన్ వేడి టర్కీతో కలవదు కాబట్టి గురువారం పూర్తి శాకాహారమైతేనే ఎంచుకోండి.

పనసకాయ బిర్యానీకి డబ్బాలో వచ్చే లేత పనస ముక్కలు సరిపోతాయి. ఉప్పునీళ్లలో ఉన్నవే కొనండి, తీపి పాకంలో ఉండేవి పండు ముక్కలు. రెండుసార్లు కడిగి, పిండి, నూనెలో ఎర్రగా వేయించాకే మసాలాలో వేయాలి. లేకపోతే డబ్బా వాసన పోదు.

క్రాన్‌బెర్రీ: సాసా, పచ్చడా, పప్పా?

నవంబరులో ఏ కొట్లో చూసినా 12 ఔన్సుల సంచులు కుప్పలుగా ఉంటాయి. పులుపు మన నాలుకకు బాగా తెలిసిందే కాబట్టి ఈ కాయను తెలుగిళ్లు ఎప్పుడో సొంతం చేసుకున్నాయి.

సాస్‌కు ఒక సంచి కాయలు, కప్పు చక్కెర, కప్పు నీళ్లు. మరిగాక పది నిమిషాలు, అంతే. పొయ్యి మీద పల్చగా కనిపిస్తుందని ఇంకా మరిగిస్తే చల్లారాక ముద్ద కట్టి కత్తితో కోయాల్సి వస్తుంది. కాయలోని పెక్టిన్ చల్లారేటప్పుడు దానంతటదే గట్టిపడుతుంది.

పచ్చడికి అదే సంచి. పావు కప్పు నువ్వుల నూనెలో కాయలు వేసి వెంటనే మూత పెట్టండి, పగిలి నూనె చిందుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసినవైతే తడి తుడిచే వేయాలి. ఏడెనిమిది నిమిషాలకు మగ్గిపోతాయి. రెండు టేబుల్‌స్పూన్ల కారం, ఒక టేబుల్‌స్పూన్ ఉప్పు, రెండు టేబుల్‌స్పూన్ల బెల్లం, ఒక టీస్పూన్ ఆవపిండి, ఇంగువ పోపు. మెంతిపిండి మాత్రం అర టీస్పూన్ దాటొద్దు. కాయకే కొంత చేదుంది, మామూలు ఆవకాయ లెక్కలో వేస్తే రెండు చేదులూ కలిసిపోతాయి. చింతపండు అక్కర్లేదు. ఆదివారం చేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తే గురువారానికి ఒక పని తగ్గినట్టే.

పప్పుకు ఒక కప్పు కందిపప్పు, ఒక కప్పు కాయలు, నాలుగైదు పచ్చిమిర్చి. పప్పును విడిగా ఉడికించాకే కాయలు కలపాలి. కలిపి కుక్కర్‌లో పెడితే ఆ పులుపుకు పప్పు బద్దలుగానే మిగులుతుంది.

ఎంచుకోవాలంటే సాస్ సగం సంచితో పిల్లలకు, పచ్చడి సంచిన్నరతో మిగతా అందరికీ. చప్పటి టర్కీ ముక్కకు క్రాన్‌బెర్రీ పచ్చడి తగిలిస్తే టర్కీ నచ్చనివాళ్లు కూడా రెండో ముక్క అడుగుతారు. పప్పు ఆ రోజుకు వద్దు, శుక్రవారానికి ఉంచండి. మాల వేసుకున్నవాళ్లు వస్తుంటే మాత్రం పప్పే ముఖ్యం.

మిగతా పక్క వంటకాలు

మ్యాష్డ్ పొటాటోకు యూకాన్ గోల్డ్ దుంపలు నాలుగు పౌండ్లు. అన్నం కూడా ఉంది కాబట్టి ఇంతకన్నా అక్కర్లేదు. చన్నీళ్లలోనే వేసి ఉడకబెడితే లోపలా బయటా ఒకేలా ఉడుకుతాయి. వార్చాక అదే వేడి గిన్నెలో రెండు నిమిషాలు ఆరనిచ్చి, చేత్తోనే మెదిపి, ముందు ఒక స్టిక్ (అర కప్పు) వెన్న, తర్వాత వేడి పాలు కప్పు నుంచి కప్పున్నర. మిక్సీలో వేశారా, దుంపలోని పిండి పదార్థం అంతా విడుదలై జిగురు ముద్దవుతుంది, దాన్ని బాగుచేసే మార్గం లేదు. మధ్యాహ్నం ఒకటిన్నరకే చేసి ఇన్‌స్టంట్ పాట్‌లో వెచ్చగా ఉంచే సెట్టింగ్‌లో పెట్టేయొచ్చు. ఆలూ వేపుడుకు ఆ వెసులుబాటు లేదు, గంటలో మెత్తబడిపోతుంది.

గ్రేవీ ఒక్కటే చేయండి, అదీ శాకాహారం. నాలుగు టేబుల్‌స్పూన్ల వెన్నలో ఒక ఉల్లిపాయ, ఎనిమిది ఔన్సుల పుట్టగొడుగులు బాగా ఎర్రగా వేయించి, నాలుగు టేబుల్‌స్పూన్ల మైదా చల్లి పచ్చివాసన పోయేదాకా తిప్పి, రెండున్నర కప్పుల వెజిటబుల్ బ్రాత్ కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. ఒకేసారి పోస్తే ఉండలు కడుతుంది. చివర ఒక టీస్పూన్ సోయా సాస్, మిరియాలు. రెండు గ్రేవీ గిన్నెలు పక్కపక్కన ఉంటే ఒకదాని గరిటె ఇంకొకదాంట్లో పడక మానదు.

స్టఫింగ్ తెలియనివాళ్లకు మన బ్రెడ్ ఉప్మాకు దగ్గర చుట్టం అని చెప్పొచ్చు. పక్షి కడుపులో కూరొద్దు. లోపలి బ్రెడ్ కూడా 165కు చేరేదాకా ఆగితే మాంసం ఎండిపోతుంది, పైగా శాకాహారులకు పనికిరాదు. ఒక పౌండు బ్రెడ్ ముక్కలను బుధవారమే 275లో ముప్పావుగంట ఆరబెట్టండి. ఒక స్టిక్ వెన్నలో రెండు కప్పుల ఉల్లి, కప్పున్నర సెలరీ మగ్గించి, ఒక టేబుల్‌స్పూన్ తరిగిన సేజ్ ఆకు, రెండుంపావు కప్పుల వెజిటబుల్ బ్రాత్ కలిపి, 375లో ఇరవై నిమిషాలు ఫాయిల్‌తో, ఇరవై నిమిషాలు ఫాయిల్ లేకుండా. గుడ్డు లేకపోయినా బాగానే ఉంటుంది. బ్రియోష్, హల్లా రొట్టెల్లో గుడ్డు ఉంటుందని గుర్తుంచుకోండి. ఇందులో గరం మసాలా వేయకండి. సేజ్ వాసనే ఈ పండగ వాసన. పిల్లలకు అదే గుర్తుండాలి.

గ్రీన్ బీన్ క్యాసరోల్ 1955లో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ వంటశాలలో డోర్కస్ రైలీ తయారుచేసిన వంటకం. డబ్బా మష్రూమ్ సూప్, వేయించిన ఉల్లి చాలు. అయినా మా మెనూలో బీన్స్ కొబ్బరి వేపుడికే చోటు. పళ్లెంలో ఇప్పటికే మెత్తటివి చాలా ఉన్నాయి. రెండు పౌండ్ల బీన్స్ పన్నెండు నిమిషాల్లో ఒక బర్నర్ మీద అయిపోతుంది, కొరికితే కరకరమంటుంది.

మ్యాక్ అండ్ చీజ్ పిల్లలున్న ఇంట్లో తప్పదు. చెడ్డర్ గడ్డ కొని ఇంట్లో తురమండి. తురిమి అమ్మేదానికి అంటుకోకుండా పూసే పిండి వల్ల సాస్ ఇసుకలా తగులుతుంది. పొయ్యి ఆపాకే చీజ్ కలపాలి, మరుగుతుండగా వేస్తే నూనె తేలి విరుగుతుంది.

శాకాహారమే అనిపించి, కానివి

మార్ష్‌మాలోలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, కాబట్టి వాటితో కప్పిన స్వీట్ పొటాటో క్యాసరోల్ శాకాహారం కాదు. చిలగడదుంప మీద పీకాన్ పలుకులు, బ్రౌన్ షుగర్, వెన్న కలిపి చల్లితే ఆ లోటు తీరుతుంది. కొన్న స్టఫింగ్ మిక్స్‌లలో, డబ్బా గ్రేవీల్లో చికెన్ సారం ఉండొచ్చు. పైకి (pie) వాడే కొన్ని పిండి అట్టల్లో పంది కొవ్వు కలుస్తుంది. వూస్టర్‌షైర్ సాస్‌లో మామూలుగా చేప ఉంటుంది. కొన్ని చీజ్‌లకు వాడే రెనెట్ దూడ కడుపు నుంచి తీసింది; నిష్ఠగా ఉండేవాళ్లకు మైక్రోబియల్ లేదా వెజిటేరియన్ రెనెట్ అని రాసి ఉన్నది కొనాలి. ఒక్కో గిన్నె ముందు చిన్న చీటీ పెట్టండి: గుడ్డు ఉంది, గుడ్డు లేదు, నీచు. పెద్దవాళ్లు అడగడానికి మొహమాటపడి తినకుండానే లేచిపోతారు.

తీపి: ఏ పై, లేదా హల్వా?

పంప్‌కిన్ పైకి 15 ఔన్సుల ఉత్త గుమ్మడి గుజ్జు డబ్బా, 12 ఔన్సుల ఎవాపరేటెడ్ మిల్క్, ముప్పావు కప్పు చక్కెర, రెండు గుడ్లు. 425లో 15 నిమిషాలు, తర్వాత 350కి దించి 40 నుంచి 50 నిమిషాలు. నడుమ కొద్దిగా ఊగుతుండగానే తీయాలి, పూర్తిగా గట్టిపడేదాకా ఉంచితే గుడ్డు బిగుసుకుని పైన పగుళ్లు వస్తాయి. పంప్‌కిన్ పై మిక్స్ అన్న డబ్బా వేరు, అందులో చక్కెర, మసాలా ముందే కలిపేస్తారు. ఎవాపరేటెడ్‌కు బదులు పొరపాటున కండెన్స్‌డ్ మిల్క్ పోస్తే తీపి వెగటవుతుంది.

గుడ్డు తిననివాళ్ల కోసం ఇదే పైని గుడ్డు లేకుండా చేయాలని తంటాలు పడొద్దు. యాపిల్ పైలో మామూలుగానే గుడ్డు ఉండదు, పైన మెరుపు కోసం గుడ్డుకు బదులు పాలు రాయండి. లేదా అదే గుమ్మడి డబ్బాతో హల్వా: మూడు టేబుల్‌స్పూన్ల నెయ్యిలో గుజ్జును పది నిమిషాలు పచ్చివాసన పోయేలా వేయించి, అర కప్పు చక్కెర, అర కప్పు పాలపొడి, ఏలకులు వేసి అంచులు వదిలేదాకా తిప్పాలి. పీకాన్ పైలో గుడ్లు ఎక్కువే, దాన్ని కొనుక్కోవడమే నయం. ఏది చేసినా బుధవారమే అయిపోవాలి.

ఎవరేం తేవాలి, ఏది ఎప్పుడు

పాట్‌లక్ అయితే వచ్చేవాళ్లకు చల్లగా తినేవి, గది వేడిలో ఉండేవి అప్పగించండి: పెరుగు పచ్చడి, సలాడ్, పై, పూర్ణాలు, పానీయాలు. ఓవెన్‌లో వేడి చేయాల్సిన ట్రే ఎవరినీ తెమ్మనకండి, నాలుగు ఫాయిల్ ట్రేలు మూడున్నరకు గుమ్మంలోకి వస్తే మీ లెక్కంతా తలకిందులవుతుంది. సరుకులు మంగళవారం లోపు కొనేయండి. కాస్ట్‌కో గురువారం మూసేస్తారు, మిగతా కొట్లు కూడా చాలావరకు తెరవరు లేదా త్వరగా మూసేస్తారు.

బుధవారం: మటన్, గుత్తి వంకాయ, గ్రేవీ, పైలు, బ్రెడ్ ఆరబెట్టడం, బీన్స్ తరగడం, మ్యాక్ అండ్ చీజ్ ట్రేలో సర్దడం. రాత్రి ఉల్లి, సెలరీ కూడా మగ్గించి డబ్బాలో పెట్టేయండి.

గురువారం 12:15కి ఓవెన్ వేడిచేసి 12:45కి టర్కీ లోపలికి. ఒంటిగంటకు దుంపలు. 2:30కి బాస్మతి నాలుగు కప్పులు నానబెట్టి, స్టఫింగ్ కలిపి, మ్యాక్ అండ్ చీజ్ ఫ్రిజ్‌లోంచి బయటికి తీయండి. చల్లటి గాజు ట్రేను నేరుగా వేడి ఓవెన్‌లో పెడితే పగలొచ్చు. 3 గంటలకు టర్కీ బయటికి, ఓవెన్ 375కి పెంచి ఆ రెండు ట్రేలూ రెండు ర్యాక్‌ల మీదకి. అదే సమయానికి స్టవ్ మీద బగారా అన్నం, నాలుగు కప్పుల బియ్యానికి ఆరు కప్పుల నీళ్లు. పక్క బర్నర్ల మీద మటన్, వంకాయ వేడవుతాయి, నాలుగో దాని మీద ముందు బీన్స్, తర్వాత గ్రేవీ. రైస్ కుక్కర్‌లో పెద్దవాళ్ల కోసం తెల్లన్నం. 3:45కి ట్రేలు దించి టర్కీ కోయండి. థర్మామీటర్ 3 గంటలకు ఇంకా 150 దగ్గరుంటే కంగారు పడొద్దు, ట్రేలను టర్కీ పక్కనే కింది ర్యాక్‌లో సర్దేసి వేడి 375కే పెంచండి.

మిగిలినవి

బయట రెండు గంటలకు మించి ఏదీ ఉంచొద్దు. కబుర్లలో పడితే ఎవరికీ గుర్తుండదు, 6 గంటలకు ఫోన్‌లో అలారం పెట్టండి. లోతైన గిన్నెలో పెట్టిన కూర ఫ్రిజ్‌లో కూడా నడుమ చాలాసేపు వేడిగానే ఉంటుంది, పల్చటి డబ్బాల్లో సర్దండి. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, లేదంటే ఫ్రీజర్.

టర్కీ మళ్లీ వేడి చేసేకొద్దీ ఎండిపోతుంది. శుక్రవారం దాన్ని వేళ్లతో చీల్చి, ఉల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, మిరియాలు ముందు పూర్తిగా వేయించి, ముక్కలను ఆఖరి మూడు నిమిషాల్లోనే వేసి వేడెక్కించి దించండి. ఎముకలను అల్లం, మిరియాలు, ధనియాలతో ఇన్‌స్టంట్ పాట్‌లో గంటసేపు ఉడికించి వడకడితే చలికి మంచి సూప్. మిగిలిన మ్యాష్డ్ పొటాటోలో పచ్చిమిర్చి, కొత్తిమీర, వేయించిన శనగపిండి రెండు టేబుల్‌స్పూన్లు కలిపితే బోండాలకు పూర్ణం సిద్ధం. పాలు ఎక్కువ పడ్డ ముద్దయితే ఫ్రిజ్‌లో గంట గట్టిపడనిచ్చాకే ఉండలు చుట్టండి.